డ్రైవింగ్ ‘రావడం’ గురించి

తెలుగులో డ్రైవింగ్ మనం నేర్చుకోవడం ఒక ఎత్తు, అది మనకి రావడం ఇంకో ఎత్తు. “నెల రోజులు నేర్చుకున్నాను, రాలేదు” అనే మాటలో మనకేమీ వింత కనిపించదు. నేర్చుకున్నది నేను, రానిది అది. ఈత, వంట, పాట, హిందీ, లెక్కలు అన్నీ ఇంతే. చుట్టాల్లాగా వస్తాయి, లేదా రావు. ఎప్పుడు వచ్చాయో కూడా కచ్చితంగా చెప్పలేం. నిన్నటిదాకా రాదు, ఇవాళ చూస్తే ఎప్పుడో వచ్చి ఇంట్లో కూర్చునుంది.

“నేను కారు నడపను” అంటే అది నా నిర్ణయం. “నడపలేను” అంటే నా అశక్తత. “నాకు నడపడం రాదు” అన్నప్పుడు మాత్రం ఆ వాక్యంలో కర్తని నేను కాదు. ‘నాకు’ అని ఓ పక్కగా నిలబడి, రాని దాని కోసం ఎదురుచూస్తున్న మనిషిని. ఎంత హాయైన వ్యాకరణమో చూడండి. రాకపోతే ఎవరి తప్పూ లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. “నాకు డ్రైవింగ్ తెలుసు” అని మనం మామూలుగా అనం. రూల్స్ తెలుసు, ఇంజన్ ఎలా పనిచేస్తుందో తెలుసు, సుచిత్ర నుంచి మియాపూర్‌కి దారి తెలుసు. డ్రైవింగ్ మాత్రం ‘వచ్చు’. గిల్బర్ట్ రైల్ అనే ఇంగ్లీషు తాత్వికుడు 1949లో ‘ద కాన్సెప్ట్ ఆఫ్ మైండ్’ అనే పుస్తకంలో ఈ రెండూ వేరని, చేయడం రావడం అంటే ఏవో సూత్రాలు తెలిసి ఉండటం కాదని ఒక అధ్యాయమంతా వాదించాడు. ఆయన తెలుగువాడై ఉంటే అంత కష్టం ఉండేది కాదేమో. రెండు క్రియలు చూపించి ఊరుకునేవాడు.

సరే, వచ్చినవాళ్ళ సంగతి వదిలేద్దాం. త్వరగా రానివాళ్ళ గురించి మాట్లాడుకుందాం.

డ్రెయ్‌ఫస్ సోదరులని ఇద్దరు బర్కిలీ ప్రొఫెసర్లు 1980లో అమెరికా వైమానిక దళం కోసం రాసిన నివేదికలో, మనిషి ఏ నైపుణ్యాన్నైనా ఐదు మెట్లలో నేర్చుకుంటాడని ప్రతిపాదించారు. ఆ తర్వాతి రచనల్లో వాళ్ళు తరచూ వాడిన ఉదాహరణల్లో డ్రైవింగ్ ఒకటి. మొదటి మెట్టు మీదున్నవాడికి కొలతలు చెబుతారు: స్పీడు ఇంత రాగానే సెకండ్ గేర్, ఇంత దాటితే థర్డ్. పైకి వెళ్ళేకొద్దీ కొలతలు మాయమై ఇంజన్ చప్పుడు వినిపించడం మొదలవుతుంది. ఆఖరి మెట్టు మీదున్నవాడు గేర్ ‘మార్చడు’. గేర్ మారుతుంది, అంతే. మధ్యలో మూడో మెట్టు దగ్గర ఒక చిక్కుంది. ఎన్ని రూల్సు నేర్చుకున్నా ఎదురుగా ఉన్న పరిస్థితికి ఏ రూలు వర్తిస్తుందో చెప్పే రూలు ఇంకోటి ఉండదు. తనే తేల్చుకోవాలి. తేల్చుకున్నాక జరిగేది తన మీదే పడుతుంది. భయం సరిగ్గా అక్కడ మొదలవుతుందని వాళ్ళన్నారు. రూల్సు పాటించేవాడికి భయపడాల్సిన పనిలేదు. నిర్ణయించేవాడికి ఉంటుంది.

కొందరు ఈ మెట్టు ఎక్కినట్టే తెలియకుండా దాటేస్తారు. నేను పంతొమ్మిదో ఏట ఖమ్మంలో ఒక కాలేజీ గ్రౌండులో మా నాన్న మారుతి ఎయిట్ హండ్రెడ్ మీద పది రోజుల్లో నేర్చుకున్నాను. అందులో నా గొప్పేం లేదు, ఆ వయసులో ఆలోచన తక్కువ. కొందరు మాత్రం ఆ మెట్టు మీదే కూర్చుండిపోతారు. మా పిన్ని అలా నాలుగేళ్ళు కూర్చుంది.

ఆవిడ హైస్కూల్లో సైన్సు చెప్పేది. యాభై రెండేళ్ళప్పుడు బాబాయి పోయాడు. కారు సెల్లార్లో కవరు కప్పుకుని ఉండిపోయింది. నెలకోసారి వాచ్‌మన్ స్టార్ట్ చేసేవాడు, ఆ తర్వాత బ్యాటరీ పోయింది. అమ్మమ్మకి అప్పటికే వారానికి రెండుసార్లు డయాలసిస్. క్యాబ్ బుక్ చేస్తే, డ్రైవర్ ఫోన్ చేసి డ్రాప్ ఎక్కడో, డబ్బులు క్యాషో ఆన్‌లైనో అడిగి, చెప్పాక క్యాన్సిల్ చేసేవాడు. మీకూ తెలిసిన సంగతే. డయాలసిస్ అయ్యాక నీరసంగా ఉన్న మనిషిని వీల్‌చెయిర్‌లో పెట్టుకుని ఆస్పత్రి గేటు దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డ రోజున పిన్ని డ్రైవింగ్ స్కూల్లో చేరింది.

ఇరవై రోజుల కోర్సు. డ్రైవింగ్ స్కూలు కార్లలో పక్క సీటు దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి కదా. ఇరవై రోజులూ కారు బాగానే నడిచింది. ఎక్కడా ఆగిపోలేదు. ఇరవయ్యొకటో రోజు సొంత కారు బయటికి తీస్తే సెల్లార్ ర్యాంపు మీద నాలుగుసార్లు ఆగింది. అప్పుడు అర్థమైంది, అన్నాళ్ళూ క్లచ్ నడిపింది తన కాలు కాదని. స్టీరింగు తనది, కాళ్ళు ఆ మాస్టారివి. మళ్ళీ చేరింది. ఈసారి వేరే స్కూలు. తర్వాత మూడోసారి. ఎడమవైపు ఎంత జాగా ఉందో అంచనా దొరికేది కాదు. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మధ్యలో ట్రాఫిక్ ఆగిందంటే హాఫ్ క్లచ్ మీద కాలు వణికేది. కారు వెనక్కి జారుతున్నట్టు, వెనకనున్న బైకు అబ్బాయి కాళ్ళు కనిపిస్తున్నట్టు ఉండేదట.

ఆవిడ అందరినీ ఒకే ప్రశ్న అడిగేది. “ఎవరినైనా గుద్దేస్తే?”

అందరూ ఒకే జవాబు చెప్పేవాళ్ళం. “ఏం కాదులే పిన్నీ.” “ఏం కాదు ఆంటీ, అందరికీ మొదట్లో అలాగే ఉంటుంది.” “ఏం కాదమ్మా, నేనున్నాగా” అని మాస్టారు.

నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది ఆ ‘ఏం కాదు’. ఆవిడ అడిగింది జాతకం కాదు. ఏమవుతుందని కాదు, అయితే ఏమిటని. నాకింకా రాని పనిని, పరాయివాళ్ళు తిరిగే చోట, వాళ్ళకి దెబ్బ తగిలే అవకాశం ఉందని తెలిసి, నేను చేయొచ్చా? ఇది ధర్మసందేహం. మనం దాన్ని నరాల బలహీనతగా తీసుకుని ధైర్యం చెప్పాం. ఆత్మవిశ్వాసం పెంచే వీడియోలు కూడా పంపించాం.

ఆ ప్రశ్నని నిజంగా ప్రశ్నలాగే తీసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటే, ఉన్నారు. కోర్టులు.

1971లో ఇంగ్లండు అప్పీలు కోర్టు ‘నెటిల్‌షిప్ వర్సెస్ వెస్టన్’ అనే కేసులో తీర్పిచ్చింది. వెస్టన్ అనే ఆవిడ కారు నేర్చుకుంటోంది. నెటిల్‌షిప్ అనే కుటుంబ స్నేహితుడు నేర్పుతున్నాడు. వృత్తిగా కాదు, సాయంగా. ఇన్సూరెన్స్ తనకి వర్తిస్తుందో లేదో ముందే అడిగి, వర్తిస్తుందని తెలుసుకున్నాకే ఒప్పుకున్నాడు. మూడో పాఠం రోజు ఒక కూడలి దగ్గర ఎడమవైపు తిరిగారు. తిప్పిన స్టీరింగుని ఆవిడ మళ్ళీ తిన్నగా చేయలేకపోయింది, బిగుసుకుపోయింది. ఆయన ఒక చేత్తో హ్యాండ్‌బ్రేకు, ఇంకో చేత్తో స్టీరింగు పట్టుకున్నా కారు పేవ్‌మెంట్ ఎక్కి దీపస్తంభానికి గుద్దుకుంది. ఆయన మోకాలిచిప్ప విరిగింది.

కింది కోర్టు ఆయన దావా కొట్టేసింది. నేర్చుకునే మనిషి పక్కన తెలిసి తెలిసి కూర్చున్నారు కదా అన్నట్టు. అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. నేర్చుకునేవాళ్ళకి ఒక ప్రమాణం, వచ్చినవాళ్ళకి ఇంకో ప్రమాణం ఉండవంది. రోడ్డు మీదున్న ప్రతి డ్రైవరునీ అనుభవమున్న, సమర్థుడైన డ్రైవరుతోనే పోల్చి చూస్తారు. లార్డ్ డెనింగ్ అయితే ఇంకా నిష్కర్షగా చెప్పాడు. నేర్చుకునే మనిషి శాయశక్తులా చేస్తూ ఉండొచ్చు, చేతకాని శాయశక్తులు సరిపోవు అని ఆయన మాటల సారాంశం. నైతికంగా ఆవిడ తప్పు లేదు, చట్టప్రకారం బాధ్యురాలు అని కూడా అన్నాడు. బండి ఇద్దరి అదుపులోనూ ఉంది కాబట్టి, ఇద్దరికీ చెరిసగం అని పరిహారాన్ని సగానికి తగ్గించారు.

ఆస్ట్రేలియా హైకోర్టు దీన్ని 1986లో కాదంది. పక్కన కూర్చున్నవాడికి ఎదుటి మనిషికి పనిరాదని తెలుసు కాబట్టి, అతనికి సంబంధించినంతవరకూ ప్రమాణం తగ్గించాలంది. 2008లో మళ్ళీ తనే ఆ మాట వెనక్కి తీసుకుంది. ఈసారి పదహారేళ్ళ కుర్రాడు ఎడారి రోడ్డు మీద, దారిలో పడున్న టైరు ముక్కల్ని తప్పించబోయి కారు బోల్తా కొట్టించాడు. నడపనిచ్చిన పెద్దమనిషికి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. అతనికీ అదే పూర్తి ప్రమాణం అన్నారు.

అంటే చట్టం మన వ్యాకరణాన్ని ఒప్పుకోదు. “నాకింకా రాలేదండీ” అంటే “రాకపోతే మాకేం” అంటుంది. మొదట కటువుగా అనిపిస్తుంది కానీ నాకు ఇందులో ఒక మర్యాద కూడా కనిపిస్తుంది. మోకాలు విరిగినవాడికి కారు నడిపింది కొత్తవాళ్ళా పాతవాళ్ళా అన్నదానితో సంబంధం లేదు. అతని మోకాలు ఒకటే.

అయితే, డెనింగ్ తీర్పు ధైర్యమంతా ఇన్సూరెన్స్ మీద నిలబడి ఉందని మర్చిపోకూడదు. ఆ సంగతి ఆయన దాచలేదు కూడా. వెస్టన్‌గారి జేబులోంచి ఏమీ పోదు, కంపెనీ కడుతుంది. కాబట్టి కోర్టు చెప్పింది ‘గుద్దేస్తే ఎవరు చెల్లించాలి’ అన్నదానికి జవాబు. పిన్ని అడిగింది డబ్బు గురించి కాదు.

ఇక్కడ తాత్వికుల దగ్గరికి వెళ్ళక తప్పదు. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ ఇద్దరూ ఒకే వేదిక మీద ‘నైతిక అదృష్టం’ అనే విషయం మీద పత్రాలు చదివారు. ఇద్దరికీ ఉదాహరణగా లారీ డ్రైవరే దొరికాడు. నేగెల్ డ్రైవరు బ్రేకులు చూపించుకోవడంలో కొంచెం అశ్రద్ధ చేశాడు. దారిలో పిల్లవాడు అడ్డం రాకపోతే అది చిన్న అశ్రద్ధ. వస్తే జీవితాంతం మోయాల్సిన బరువు. అతను చేసింది రెండు చోట్లా ఒకటే. పిల్లవాడు ఇంట్లోంచి బయటికి వచ్చాడా లేదా అన్నది అతని చేతిలో లేదు. మన దగ్గరా అంతే. సెల్ చూస్తూ నడిపినవాడికి ఎవరూ ఎదురుపడకపోతే చలానా, ఎదురుపడితే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను.

విలియమ్స్ డ్రైవరు తప్పే చేయలేదు. అయినా అతని లారీ కింద పిల్లవాడు పడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నీ తప్పేం లేదయ్యా అని ఓదారుస్తారు, ఓదార్చాలి కూడా. కానీ అతను ‘అవును, నా తప్పేం లేదు కదా’ అని చటుక్కున తేరుకుని వెళ్ళిపోతే, ఆ ఓదార్చినవాళ్ళకే ఏదోలా ఉంటుంది. చూసినవాళ్ళ బాధ ఒకటి, చేతుల మీదుగా జరిగిపోయినవాడి బాధ ఇంకొకటి. ఇది తప్పుకి పడే పశ్చాత్తాపం కాదు. తప్పు లేకపోయినా ఉండేది.

దీన్ని మనవాళ్ళు గుర్తుపట్టలేదని నేననుకోను. కొత్త బండి కొన్న రోజున గుడి ముందు నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. దిష్టి అంటారు. అదేం కాదని కాదు గానీ, నాకెప్పుడూ ఇంకోలా కనిపిస్తుంది. ఈ ఇనుప వస్తువు దేన్నో ఒకదాన్ని తొక్కుతుందని అందరికీ తెలుసు. ఆ మొదటిది నిమ్మకాయ అయిపోతే బాగుండునని అక్కడ చేరినవాళ్ళందరి కోరిక. స్వీట్లు పంచే సందడిలో, షోరూమ్ వాళ్ళిచ్చిన పెద్ద తాళంచెవి బొమ్మతో ఫొటో దిగే హడావుడిలో ఆ ఒక్క క్షణమే కారు గురించి నిజం మాట్లాడుకునేది. టప్పుమని చప్పుడవుతుంది. తర్వాత మర్చిపోతాం.

పిన్ని మర్చిపోలేకపోయింది. చిన్న కారు కూడా 700, 800 కిలోలుంటుంది. వేగం రెట్టింపైతే గుద్దుడు శక్తి నాలుగింతలవుతుంది. ఆవిడే ఏళ్ళ తరబడి తొమ్మిదో తరగతికి చెప్పిన పాఠం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో సగానికి పైగా రెండు చక్రాల మీద వెళ్ళేవాళ్ళూ, నడిచేవాళ్ళూ. ఈ అంకె తెలిసి భయపడే మనిషిది పిరికితనమా? భయపడనివాళ్ళే కళ్ళు మూసుకున్నట్టు కదా. నైపుణ్యంలో సగం మరపే. నేను స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు చేతిలో ఏముందో మర్చిపోతాను కాబట్టే ఎఫ్‌ఎమ్ వింటూ నడపగలను.

అయితే నేర్చుకోవచ్చా, వద్దా?

‘వచ్చు’ అనడానికి అందరూ చెప్పే వాదన అప్పు వాదన. ఇవాళ రోడ్డు మీద బాగా నడుపుతున్న ప్రతివాడూ ఒకప్పుడు బాగా నడపనివాడే. అప్పుడు మిగతావాళ్ళు భరించారు. ఇప్పుడు వాడు భరిస్తాడు. వైద్యంలోనూ ఇంతే, ప్రతి డాక్టరుకీ ఒక మొదటి ఆపరేషను ఉంటుంది. వెయ్యిమందిని చంపితే అరవైద్యుడు అన్న మొరటు సామెత మనకుండనే ఉంది. అరిస్టాటిల్ కూడా ఇల్లు కడుతూ కడుతూనే ఇల్లు కట్టేవాళ్ళమవుతాం, వీణలాంటిది వాయిస్తూ వాయిస్తూనే వాయిద్యకారులమవుతాం అన్నాడు. ఇంకో దారి లేదు మరి. కాకపోతే అపస్వరం పలికితే ఎవరి కాలూ విరగదు.

ఈ అప్పు వాదన నాకు పూర్తిగా నచ్చదు. ఎందుకో చెప్తాను. డ్రైవింగ్ స్కూళ్ళ క్లాసులు ఎన్నింటికి మొదలవుతాయో గమనించారా? పొద్దున ఐదున్నర, ఆరు. అప్పుడైతే రోడ్లు ఖాళీగా ఉంటాయని. నిజానికి ఖాళీగా ఉండవు. ఆ టైములో రోడ్డు మీద ఉండేది చీపుర్లు పట్టుకున్న మున్సిపాలిటీ ఆడవాళ్ళు, పాల ప్యాకెట్ల ట్రేలు మోసేవాళ్ళు, పేపర్ కుర్రాళ్ళు, అడ్డా మీదికి నడిచిపోయే కూలీలు. కార్లు లేవు కాబట్టి మనకి ఖాళీగా కనిపిస్తుంది. మనం నేర్చుకునే పలక వీళ్ళు పనిచేసే చోటు. వీళ్ళలో చాలామంది ఎప్పటికీ కారు కొనరు, స్టీరింగు పట్టుకోరు. అప్పు ఇస్తారు గానీ తీసుకోరు. ఇచ్చిపుచ్చుకోవడం అనే మాట వాళ్ళ దగ్గర చెల్లదు. వాళ్ళని ఎవరూ అడగలేదు కూడా. ఆస్పత్రిలో కనీసం ఒక కాగితం మీద సంతకమైనా పెట్టించుకుంటారు.

మరైతే మానెయ్యాలా? ఆవిడ మానేస్తే ఏమవుతుందో చూద్దాం. అమ్మమ్మ ఆస్పత్రికి వెళ్ళడం మానదు. వేరే ఎవరో తీసుకెళ్తారు. ఆ క్యాబ్ డ్రైవరూ ఇదే రోడ్ల మీద, వీళ్ళ మధ్యే నేర్చుకున్నాడు. పైగా పద్నాలుగు గంటలుగా నడుపుతూ ఉండొచ్చు, స్టీరింగు పక్కన ఫోన్లో తర్వాతి రైడు మోగుతూ ఉండొచ్చు. నేను నడపకపోతే నా చేతులు శుభ్రంగా ఉంటాయి, నిజమే. రోడ్డు మీది ప్రమాదం అలాగే ఉంటుంది, ఇంకొకరి చేతుల్లోకి వెళ్తుంది. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళం మనం కూడా ఆ బండిలోనే ఉన్నామని మర్చిపోతాం. వెనక సీటు నిర్దోషిత్వం అంత గొప్పదేమీ కాదు.

కొందరికి ఎప్పటికీ రాదు, అది నిజం. ‘అందరికీ వచ్చేస్తుంది’ అనేది దయతో చెప్పే అబద్ధం. చూపు ఆనని వాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు, ఎంత చేసినా కారు వెడల్పు మనసుకి ఎక్కని వాళ్ళు ఉంటారు. వాళ్ళు తాళాలు ఇచ్చేసి మెట్రో ఎక్కితే అందులో ఓటమేం లేదు. మెట్రో దిగాక ఇంటిదాకా ఫుట్‌పాత్ ఉండాలి, అంతే. అది లేకపోవడం వల్లే, ఇష్టం లేనివాళ్ళు, రానివాళ్ళు కూడా స్టీరింగు వెనకాల కూర్చోవాల్సొస్తోంది. ఈ లెక్క విడిగా తేల్చుకోవాల్సింది, ఇక్కడ దాని జోలికి పోను.

మా పిన్ని లాంటివాళ్ళు ఆ కోవలోకి రారు. ‘రాదు’కీ ‘రాలేదు’కీ మధ్య ఉన్నవాళ్ళు. నిజానికి ఎక్కువమంది ఉండేది అక్కడే.

ఆవిడ పక్కన కొన్ని ఆదివారాలు కూర్చున్నాక నాకొకటి తెలిసింది. ఆవిడ భయం ఒకటి కాదు, రెండు. ఒకటి బయటికి చూసే భయం. ఆ సందులోంచి ఎవరైనా వస్తారేమో, ఆ ఆటో వెనక పిల్లలున్నారేమో అన్నది. ఆ భయంతో ఉన్నప్పుడు ఆవిడ చాలా బాగా నడిపేది. నాకు కనిపించనివి కూడా కనిపించేవి. ఓసారి ఆగి ఉన్న బస్సు కింద నుంచి అటువైపు కాళ్ళు కనిపించి, నేను చెప్పకముందే బ్రేకు వేసింది. రెండోది లోపలికి చూసే భయం. వెనకవాడు ఏమనుకుంటున్నాడో అన్నది. సిగ్నల్ పచ్చబడగానే, ఇంకా క్లచ్ వదలకముందే, వెనక హారన్. అంతే, కళ్ళు అద్దంలోకి వెళ్ళిపోయేవి, కాలు ఒక్కసారిగా లేచిపోయేది, బండి ఎగిరి ఆగిపోయేది. మళ్ళీ హారన్. పక్కనుంచి వెళ్తూ అద్దం దించి చూసి, ఆడవాళ్ళేనని నిర్ధారించుకుని, నవ్వుకుని పోయేవాళ్ళు.

మొదటి భయానికి సిగ్గుతో పనిలేదు. రెండోదంతా సిగ్గే. ప్రమాదం జరిగితే ఈ రెండో దాని వల్లే జరుగుతుందని నా అనుమానం. ఎందుకంటే ఆ రెండు క్షణాలు ఆవిడ రోడ్డుని చూడటం లేదు, తనని చూస్తున్నవాళ్ళని చూస్తోంది. ‘ధైర్యంగా నడుపు’ అనే సలహా ఈ రెండు భయాల్నీ కలిపి తుడిచేస్తుంది. మొదటిది పోయిన మనిషి ఎలా నడుపుతాడో చూడాలంటే రాత్రి పదకొండు తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు మీదికి వెళ్తే చాలు.

ఇక రెండోది తగ్గించడం నేర్చుకునేవాళ్ళ ఒక్కరి చేతిలో లేదు, హారన్ మా చేతిలో ఉంది. పిన్ని ప్రశ్నలో మొదటినుంచీ ఒక లోపముంటే అదే అనుకుంటాను. గుద్దేస్తే అన్న బరువంతా తన ఒక్కదాని మీదే వేసుకుంది. మేమూ వేయనిచ్చాం.

జపాన్‌లో కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళు ఏడాదిపాటు కారుకి ఒక గుర్తు పెట్టుకోవాలి. సగం పసుపు, సగం ఆకుపచ్చ, లేత చిగురులా ఉంటుంది. 1972 నుంచీ ఉంది. అందులో నాకు నచ్చిన సంగతి, ఆ చట్టం కొత్తవాడితో ఆగిపోలేదు. ఆ గుర్తున్న బండికి దురుసుగా అడ్డం వెళ్ళినా, పక్కకి వచ్చి ఒత్తినా జరిమానా మిగతావాళ్ళకి. అంటే నేర్చుకునే మనిషి ఉండటం చుట్టూ ఉన్న అందరికీ ఒక పని అప్పజెప్తుందన్నమాట.

మనకి ‘ఎల్’ బోర్డు ఉంది. తెల్లటి పలక మీద ఎర్రటి అక్షరం, ముందొకటి, వెనకొకటి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు దాని కొలతలతో సహా చెప్తాయి, పక్కన లైసెన్సున్న మనిషి ఎలా కూర్చోవాలో చెప్తాయి. చూసినవాళ్ళు ఏం చేయాలో మాత్రం ఎక్కడా నాకు కనిపించలేదు. ఆచరణలో ఏం చేస్తామో మనకి తెలుసు. ఎల్ కనిపించగానే దాటేయాలనిపిస్తుంది. దాటాక అద్దంలో ఓసారి చూస్తాం కూడా. లైసెన్సు చేతికొచ్చిన రోజు సాయంత్రమే ఆ అక్షరాన్ని గోటితో గీకి పారేస్తారు. కార్డు వచ్చినంత మాత్రాన డ్రైవింగ్ వచ్చినట్టా అంటే, ‘వచ్చు’ అనే మాట రెండింటికీ ఒకటే అవడం వల్ల ఈ తకరారు.

పిన్నికి లైసెన్సు వచ్చి ఏడాదిన్నరైంది. రెండుసార్లు టెస్టులో పోయాక, ఏజెంటు సాయం వద్దని మూడోసారి వెళ్ళి తెచ్చుకుంది. ఆవిడకి తెలిసిన దారులు మూడు: ఆస్పత్రి, రైతు బజారు, మా ఇల్లు. వాటి మీద నలభై దాటదు. ఫ్లైఓవర్ ఎక్కదు, కింద నుంచి వస్తుంది, అందుకు పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది. పొద్దున ఏడులోపు కారు తీయదు. ఊడ్చేవాళ్ళు ఉంటారంటుంది. అమ్మమ్మ వెనక సీట్లో పడుకుని, ఎద్దుల బండి కూడా ఇంతకంటే తొందరగా పోయేదని సణుగుతుంది.

కారు వెనక అద్దం మీద ఎల్ స్టిక్కరు ఇంకా ఉంది. ఎండకి ఎరుపు పోయి ఇటుక రంగుకి దిగింది. మొన్న పండక్కి వచ్చిన వాళ్ళ అల్లుడు కారు కడుగుతూ, “అత్తయ్యగారూ, ఇది ఇప్పుడు చట్టప్రకారం అవసరం లేదండీ, తీసేయనా?” అని గోరు పెట్టబోయాడు.

“ఉండనీ బాబూ. వెనకవాళ్ళకి తెలియాలి కదా” అని, బకెట్టు నీళ్ళు ఇంకోటి తెచ్చి ఆ పక్కన పెట్టింది.